పెట్టె నలభై ఒకటి

కుడి తొడ ఎముక. పై కొస విరిగింది.
గచ్చిబౌలి వెనక గుట్ట, మూడో రాకాసి గుడి, నైరుతి మూల.
ఇంతమటుకు నా దస్తూరీలోనే ఉంది చీటీ మీద.
చీటీలో లేనిది
ఒక పక్కంతా పరుచుకున్న బూడిద రంగు,
అంచులు లేచి, కాల్చిన అప్పడంలా.

మట్టేమో అని బ్రష్షు ఆడించాను.
రాలలేదు.
భూతద్దం కింద పెడితే
చిన్న చిన్న గిన్నెలు, గిన్నెల్లో నలుపు.
మూడు వేల ఏళ్ళ మనిషి మీద
ఎవరో కాపురం పెట్టారు.

ఎవరో కాదు, ఇద్దరు.
ఒకరు బూజు, ఒకరు నాచు.
బూజు గోడలు లేపుతుంది, నాచు ఎండని వండి పెడుతుంది.
ఇంటిపేరు ఎవరిదని అడిగినవాళ్ళు లేరు.
విచిత్రం, అద్దె మాత్రం ఇల్లే కడుతోంది,
సున్నం పొడిగా, పిసరు పిసరు.

లంచ్ వేళకి ఖుర్షీద్ ఆపా వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా.
"అరె, ఇది పత్థర్ కా ఫూల్ కదా!
మొన్ననే బేగంబజార్ల తెచ్చిన, మరగ్‌లకి."
వేలు చాపి, వాసన చూడబోయి,
అది దేని మీద ఉందో అప్పుడు చూసింది.
వేలు వెనక్కి పోయింది. కొంగు తల మీదికొచ్చింది.
పెదాల కిందే ఏదో చదివింది,
పోయినవాళ్ళ కోసం చదివేది.
అతని దేవుడి పేరు
మా రిజిస్టర్లో ఏ గడిలోనూ లేదు.
ఆమె అడగలేదు.

ఆ పూట ఆమె డబ్బాలో కూర నేనూ తిన్నాను.
బాగుంది. రాతిపువ్వు ఘాటు తెలుస్తోంది.
ఇదెందుకు చెబుతున్నానో తెలీదు.

స్కేలు పెట్టి కొలిచాను: నలభై ఎనిమిది మిల్లీమీటర్లు.
ఏడాదికి రెండు చొప్పున, అటూ ఇటూగా,
ఇరవై నాలుగు.
అతను ఎప్పుడు పోయాడో ఈ మచ్చ చెప్పదు.
అతని కప్పు ఎప్పుడు పోయిందో చెబుతుంది.
మట్టిలో ఉన్నంతకాలం ఇది పుట్టదు.
దీనికి ఎండ కావాలి, మంచు కావాలి,
ఎవరో ఒకరు రాయి లేపి ఉండాలి.

"ఇరవై నాలుగేళ్ళ కింద..." పైకే అనేశాను.
పెట్టెలు మోస్తున్న పెంటయ్య ఆగాడు.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
పెంటకుప్ప మీద పొర్లించి పెట్టిన పేరు,
చావుకి రోత పుట్టాలని.

"ఆ యేడు నేను ఆడనే ఉన్న మేడం.
రాయి కొట్టెటోణ్ణి, ట్రిప్పుకింత అని.
పెద్ద బండకు గడ్డపారేసి లేపితే కింద కుండలు,
కుండల పక్కన ఈయన,
మోకాళ్ళు ముడుసుకోని పండుకున్నడు.
మళ్ళ కప్పుదామంటే లారీ ఆగదు.
ఒక బీడీ ముట్టిచ్చి తలకాడ పెట్టిన.
తప్పయింది తాతా అన్న."

ఆ బండ ఎక్కడుందో ఆయనకి తెలుసు.
నానక్‌రామ్‌గూడ దిక్కు ఏవో అపార్ట్‌మెంట్ల ప్రహరీ,
అడుగు వరస, గేటుకి ఎడమ పక్క.
"దాని మీద పువ్వు పుయ్యదు మేడం. రంగేసిన్రు."

పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది:
గీకి, తుడిచి, పూత పూసి, శనివారానికల్లా అద్దాల బీరువాలోకి.
చాకు తీశాను. కింద పెట్టాను.
పిచికారీ సీసాలో నీళ్ళున్నాయి.
ఒక్క చుక్క.

పద్నాలుగు నెలలు పెట్టెలో, చీకటిగదిలో ఉన్నది
మా ఇద్దరి కళ్ళ ముందే
బూడిద వదిలింది.
మరీ అంత పచ్చనేం కాదు,
పొట్టు పెసరపప్పు నానినంత.

పెంటయ్య చాలాసేపు చూశాడు.
తర్వాత మూత తెచ్చి,
జేబులోంచి అగ్గిపుల్ల తీసి అడ్డంగా పెట్టి మూశాడు,
సందు ఉండేటట్టు.

రిమార్కుల గడిలో
"ఇంకా శుభ్రం చేయలేదు" అని రాశాను.
ఇవాళ బుధవారం.