నడవని ఏనుగు

ఒతారు రేవుకి పైన, వాలు వీధిలో
పళ్ళ డాక్టరు కువబారా గారి షెడ్డు తలుపు
కాలితో తన్నితే గానీ లేవలేదు.
లోపల నల్లగా, పొడుగ్గా, పన్నెండు సిలిండర్ల బండి.
చక్రాలకి మేజోళ్ళలా గుడ్డ సంచులు.
"ఇరవయ్యారేళ్ళు. పద్దెనిమిది వేల రెండువందల నలభై," అన్నాడాయన
మనవడి మార్కులు చెప్పినట్టు.

నా టాక్సీ నాలుగు లక్షల ఎనభై వేలు తిరిగింది.
దాని సీట్లో నా నడుం అచ్చు పడి ఉంది.
తాగి కక్కినవాళ్ళు, ఏడుస్తూ ఎక్కినవాళ్ళు,
దారిలోనే బిడ్డని కన్న ఒకావిడ.
దాన్ని తూకానికి తప్ప ఎవరూ కొనరు.
దీనికి ముప్ఫై అయిదు లక్షల యెన్లు.
తిరిగినదానికి కాదు,
తిరగనిదానికి.

రోజుకి రెండు కిలోమీటర్లు నిండవు.
రేవులో చేపలమ్మే షిమె అవ్వ తోపుడుబండి
ఇంతకంటే ఎక్కువే చూసుంటుంది ప్రపంచాన్ని.

కింద పడుకుని టార్చి వేశాను.
తుప్పు లేదు. ఒట్టు, చుక్క లేదు.
కానీ టైరు మీద దాని పుట్టినరోజు రాసి ఉంది:
రెండువేల అయిదు, పందొమ్మిదో వారం.
గోరు దిగలేదు.
రబ్బరుకి కిలోమీటర్లు తెలియవు, ఏళ్ళే తెలుసు.
టైమింగు బెల్టు, గొట్టాలు, నీళ్ళ పంపు, పెట్రోలు పంపులు రెండు.
కాగితం మీద ఒక్కొక్కటే రాసి
ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ వచ్చాను.
ఇరవై మూడు దగ్గర ఆగాను.
కళ్ళు మండలేదు గానీ
మా ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచిన పాస్‌బుక్కు గుర్తొచ్చింది.

ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు.
ఇది చావలేదు.
బతికిందా అంటే, ఏమో.

ముందు అరలో ఒక నోటుపుస్తకం.
నోట్లో పళ్ళు లెక్కపెట్టి రాసే మనిషి అక్షరాలు, చిన్నవి, వరసగా.
జనవరి తొమ్మిది. మంచు. తీయలేదు.
ఫిబ్రవరి రెండు. రోడ్డు మీద ఉప్పు చల్లారు. తీయలేదు.
మే పద్నాలుగు. ఎండ. కడిగాను. మబ్బు పట్టింది. తీయలేదు.
ఆగస్టు మూడు. యోఇచి దాకా. ఆపిల్ తోటలు. వచ్చాక రెండుసార్లు తుడిచాను.
పేజీల తరబడి తీయలేదు, తీయలేదు.
వీటికి ఎంత కట్టను? ఏ ఖాతాలో?

"రేపు లైసెన్సు తిరిగిచ్చేస్తున్నాను," అన్నాడు.
ఎనభై నాలుగు. చేతులు మాత్రం వణకవు.
"ఒకసారి నడిపి చూడండి, ఇసొబె గారూ."
ముందు తలుపు దాకా వచ్చి ఆగాడు.
"వెనక నేనెప్పుడూ కూర్చోలేదు."

నా చెయ్యి అలవాటుగా తలుపు తెరిచే మీట కోసం వెతికింది.
లేదు.
దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, తెరిచాను.

షుకుత్సు లైట్‌హౌసు దాకా వెళ్ళొచ్చాం.
ఇంజను ఆగిపోయిందేమోనని రెండుసార్లు ముల్లు చూసుకున్నాను.
అద్దంలో ఆయన,
ఉన్ని సీటు మీద అరచెయ్యి ఇటూ అటూ రాస్తూ,
సముద్రం ఉన్న వైపు కాకుండా
ఇళ్ళున్న వైపు చూస్తూ.

ఇంటి ముందు ఆపాను.
వెనకనుంచి, ముప్ఫై ఏళ్ళుగా అందరూ అడిగినట్టే,
"ఎంత?" అన్నాడు.
మీటరు ఉండాల్సిన చోటుకి చూశాను. అక్కడ గడియారం.
"ముప్ఫై," అన్నాను.
నోరు జారింది. కాగితం జేబులోనే ఉంది.
ఆయన చాలాసేపు ఆలోచించాడు.
"టైర్లవి తీసెయ్యండి."
"బెల్టుది?"
"అదీ."

అప్పుడిద్దరం ముందుకి వంగి చూశాం:
పద్దెనిమిది వేల రెండువందల యాభై మూడు.
ఆ పదమూడు కిలోమీటర్లకి
ధర తగ్గించాలో పెంచాలో
ఇద్దరికీ తోచలేదు.