పాయింట్స్‌మన్

కాజీపేట స్టేషన్ ఎదురుగల్లీ, రాత్రి పదకొండు.
నల్ల తెర మీద తెల్ల అక్షరాలు,
కెర్నెల్ పానిక్ అని ఒక్కటే మొత్తుకోలు.
నిన్నటిదాంక ఇదే డబ్బాల
ఉబుంటు ఒక దిక్కు, విండోస్ ఒక దిక్కు
కొట్లాట లేకుంట కాపురం చేసినయి.

"అప్‌డేట్ చెయ్యాల్నా అంటే ఊఁ అన్న, గంతే"
అంటది సారక్క.
పొద్దుగాల ఆరింటికి
నలభై హాల్‌టికెట్లు తీయాల్నట.

చాయ్ తెచ్చిన వీరస్వామి తాత
ముప్పై ఏండ్లు పాయింట్స్‌మన్ చేసినోడు,
తెర దిక్కు తొంగిచూసి
"బండి మంచిగనే ఉన్నది బిడ్డా,
లైను కలువలే" అన్నడు.

పెన్‌డ్రైవ్ పెట్టి లేపిన.
బూట్ అర్ర నిండా పాత కెర్నెళ్ళు,
ఏడు, ఒకదాని మీద ఒకటి.
కొత్తదానికి కాలు సాపుకునే జాగ లేక
సగం రాసుకొని ఆగింది.
ఆరింటిని తుడిచిన.
ఒక్క పాతదాన్ని ఉంచిన,
ఎన్నడన్న అక్కెరకొస్తదని.
గ్రబ్‌ను మళ్ళ రాసిన.

మెనూ వచ్చింది.
సారక్క వేలు ఎంటర్ మీద,
వత్తదు.
బల్లార్షా దిక్కు గూడ్సు ఒకటి
పాయింట్లు మారుకుంట
ధడధడ పోతాంది.
అది పోయేదాంక
ముగ్గురం ఊకున్నం.