ఏడో నంబరు హంస

పాలనీ నీళ్లనీ వేరు చేస్తుందట హంస.
మా హంసకి అంత చదువు లేదు.
ఫైబరు ఒళ్లు, రెండు పెడళ్లు,
ముక్కు మీద ఎవరో పిల్లాడు గీకిన గుండె బొమ్మ,
రెక్క కింద నల్లరంగుతో 7.
నీళ్లలో ఏముందో దానికి తెలియదు.
నాకూ తెలియలేదు, పోయినేడాది దాకా.

ఎండాకాలం సెలవుల రద్దీకని
దేవరకెరె నుంచి దీన్ని టెంపోకెత్తి
మల్లిగెకెరెకి తోలుకెళ్లింది నేనే.
సిల్క్ బోర్డు దగ్గర బండ్లన్నీ నిలిచిపోతే
పక్క ఆటోలో పాప హంసకి చెయ్యూపింది.
హంస తరఫున నేనే తిరిగి ఊపాను.
సీటు కింద గుంటలో చెంబెడు నీళ్లు
దారి పొడవునా కదులుతూ వచ్చాయి.
చెంబెడే కదా అనుకున్నాను.

ఆ చెంబెడులోనే ఉన్నాయి
కంటికి ఆనని కూనలు,
గట్టి గోడ ఎక్కడ దొరికితే అక్కడ
మీసంలాంటి దారం విసిరి
అతుక్కుపోదామని.

ఏడాది తిరక్కముందే మల్లిగెకెరె మెట్లు గరుకెక్కాయి.
పంపు గొంతు పూడుకుపోయింది.
విప్పితే పైపు నిండా ఆల్చిప్పలు,
గుత్తులు గుత్తులు, ద్రాక్షల్లా –
కాదు, ద్రాక్షలనబుద్ధి కాదు.
నీళ్లు తేటపడ్డాయని
వాకింగ్‌కొచ్చే పెద్దమనుషులు మెచ్చుకున్నారు.
తేటపడ్డ మాట నిజమే.
చేపపిల్ల నోటికందాల్సిందంతా
అవే వడగట్టుకుని తాగేశాయి.

వలేసే మునివెంకటప్ప అరికాలు తెగి,
రక్తం కడుక్కుంటూ అడిగాడు:
'వీటినెవురు తెచ్చినారప్పా మన చెరువుకి?'
నా తువ్వాలు చింపి కట్టు కట్టాను.
జవాబుని కట్టులోపల పెట్టి ముడేశాను.

ఇప్పుడు మూడో చెరువు అడుగుతోంది హంసని.
కాంట్రాక్టరు బసవలింగు ఫోను:
'ఆదివారం రష్షు. రాత్రికే పంపు.'
'అయిదు రోజులు సార్.'
'ఏం, హంసకి మైలా?' నవ్వాడు.
'పురుడు సార్. కడుపులో ఎన్ని పిల్లలున్నాయో.'

బిరడా విప్పాను.
చివరి చుక్క కూడా, చెరువుకి ఎడంగా,
ఎర్రమట్టిలో ఇంకేదాకా నిలబడ్డాను.
మెడ బోలు. నా చెయ్యి పోదందులో.
టీబంకు రుద్రమ్మ మనవరాలి చెయ్యి పోయింది.
'ఏందో గరుగ్గా ఉండాది మామా.'

మెడలో ఏమీ లేదు, ఎండిన పాచి.
ఉన్నది పెడలు ఇరుసు వెనక, నట్టు నీడలో,
ఒక్కటి. గోరంత. మూతి బిగించుకుని.
పాత టూత్‌బ్రష్షు, స్క్రూడ్రైవరు, ఇరవై నిమిషాలు.
ఊడొచ్చాక కూడా దాని దారం
ఫైబరునే పట్టుకుని ఉంది.

రుద్రమ్మ పొయ్యిమీద బిందెలు బిందెలు నీళ్లు కాగాయి.
వేలు పెడితే వెనక్కి లాక్కోవాలి, అంత వేడి.
సందుసందులో పోశాను.
'హంసకి తలంటా?' అంది రుద్రమ్మ,
'నా గ్యాసు లెక్క మరిచిపోవద్దు.'

ఇటుకలమీద ఎత్తి పక్కకి ఒరిగించాను.
తాళ్లు వేరే, లైఫు జాకెట్లు వేరే, తీగమీద.
గోడమీద బొగ్గుతో గీత: ఒకటి.
రెండు.
మూడోనాడు హంస రెక్కకింద పిల్లి పడుకుంది.
నాలుగోనాటి పొద్దున వేలితో రాస్తే
గుంటలో పొడి లేచింది.
మునివెంకటప్ప కుంటుతూ వచ్చి, చూసి,
'దీనికింత సేవ ఎందుకప్పా' అన్నాడు.
చెప్పబోయాను.
టీ తాగుదాం రా అన్నాను.

ఆ సాయంత్రం బెంగళూరు తన బుద్ధి చూపించింది.
మబ్బు లేదు, కబురు లేదు.
టార్పాలిన్ మడత విప్పేలోపు
మెడలో, రెక్కలో, పెడళ్లపెట్టెలో వాన.
సీటు కింద గుంటలో మళ్లీ నీళ్లు.
చెంబెడే.

ఫోను మోగుతోంది.
మోగనిచ్చి, బొగ్గుముక్క వెతుక్కున్నాను.
గోడమీద నాలుగు గీతలూ అప్పటికే కారిపోయాయి.
'రేపే కదా?' అన్నాడు బసవలింగు.
'రేపటికి ఒకటి సార్,' అన్నాను.