బొటనవేలి కింద

మురకంబట్టులో ఆ రాత్రి
గాలీ వానా కలిసొచ్చి టవరు పడుకునేసింది.
కరెంటు మాత్రం ఎందుకో పోలా.
తొమ్మిదిన్నరకి తలుపు తట్టింది ధనభాగ్యం,
నా తోడికోడలు,
గోడకి అవతల ఉండే మనిషి,
రెండేండ్లుగా నా గడప తొక్కని మనిషి.

కొంగు నెత్తిన కప్పుకోని, ఫోను కడుపు కాడ దాచుకోని
"అక్కా, పిల్ల కాలేజీ ఆప్షన్లు
రాత్రి పన్నెండుకి మూసేస్తారంట.
మా ఫోన్లో ఒక్క గీత గూడా లేదు.
మీ వైఫై..." అని ఆపేసింది.
తక్కిన మాట వాననీళ్లతో పాటు
మెట్ల మీదనే కారిపోయింది.

"దానికేముంది, రా" అన్నా.
అన్నాక గుండె గుభేలుమనింది.

పాస్‌వర్డు.

బోరు మోటారు బిల్లు కాడ కదా మాకు చెడింది.
పదకొండు వందల నలభై.
నువ్వు ఎక్కువ తోడుకున్నావంటే నువ్వని,
కడాకు కొళాయి కాడ మా బిందెలు గూడా
ఎడమొగం పెడమొగం పెట్టుకున్నాయి.
ఆ వారమే కేబులాయన వచ్చి బాక్సు బిగించి
"ఏం పెట్టమంటావమ్మా, ఎనిమిదక్షరాలకి తగ్గకుండా" అన్నాడు.
నోటికి ఏదొస్తే అది చెప్పినా.
నీళ్లదొంగ. పక్కనే పదకొండు నలభై.
ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటా
మీసాల్లోనే నవ్వుకోని
"దీన్ని ఎవురూ కనిపెట్టలేరులేమ్మా" అన్నాడు.

రెండేండ్లు ఆ తిట్టు
ఎవురి నోట్లోకీ రాకుండా
పచ్చదీపం కింద కూచోని మాకు చాకిరీ చేసింది.
సీరియళ్లు తెచ్చిచ్చింది.
తోతాపురి ధర ఫ్యాక్టరీలో ఎంత పలికిందో చెప్పింది.
గుడియాత్తంలో మా అమ్మ మొగం చూపించింది.
ఒకసారి చెప్పినాక మళ్లా చెప్పే పని లేకపాయ,
అది తిట్టని మరిచిపోయినా.

ఇప్పుడు ఆమె నిలబడి ఉండాది,
వేలు అద్దం మీద పెట్టుకోని,
"చెప్పక్కా, కొడతా" అంటా.

"కొట్టే పని లేదులే, ఉండు."
మా పిల్లోడు ఎప్పుడో చూపించినాడు.
మన వైఫై పేరు నొక్కి, షేరంటే
నలుపూ తెలుపూ గళ్లు లేస్తాయి,
అంగట్లో డబ్బులు కట్టే బిళ్ల మాదిరి.
ఇంకో ఫోను దాన్ని చూస్తే చాలు,
నోరు తెరిచే పనే ఉండదు.

లేచినాయి గళ్లు.
గళ్ల కింద, సన్నక్షరాల్లో,
అదీ లేచింది.
ఎవురు చెప్పినారో ఈ ఫోనుకి
దాచిపెట్టింది గూడా చూపించమని.

బొటనవేలితో కప్పినా.
"వేలు తియ్యక్కా, సరిగా పడలా."
తియ్యలా. ఫోనే రవంత పైకెత్తినా.
ఆమె వంగింది. నేనూ వంగినా.
రెండు తలలూ తగిలినాయి.
ఇద్దరం ఒకే గానుగలో కొబ్బరినూనె కొంటామని
అప్పుడు గుర్తుకొచ్చింది.

టక్కుమనింది ఆమె ఫోను.
"పడింది! రోజూ కనబడతానే ఉంటుందక్కా
మీ ఇంటి పేరు నా ఫోన్లో,
పక్కన తాళంకప్పతో" అని నవ్వింది.
నేను నవ్వలా. వేలూ తియ్యలా.

పిల్ల వచ్చి మా చాప మీద కూచోని
ఒక్కొక్క కాలేజీ ఎంచుకోని, మళ్లా మార్చుకోని,
"అయిపోయింది పెద్దమ్మా, టైం పదకొండు నలభై" అంటే
ఉలిక్కిపడినా.

వాళ్లు పోయినాక నిద్ర పట్టలా.
ఆ మాట ఇప్పుడు ఆమె ఫోన్లోనూ ఉండాది,
ఆమెకి తెలీకుండా, ఆమెనే తిడతా.
రేపో మాపో ఇంటికెవురో వస్తే
ఆమె గూడా ఇట్లే గళ్లు లేపుతుంది.
కప్పేదానికి నా వేలు ఆడ ఉండదు.

తెల్లారి కేబులాయనకి ఫోన్ చేసి మార్పించినా.
ధనభాగ్యం ఫోను ఈపాటికి తెగిపోయింటుంది.
ఇదో, పోతా ఉండా, గోడ చుట్టుకోని,
కొంగున ఐదు వందల డెబ్బై ముడేసుకోని.
గళ్లు గిళ్లు వద్దు.
కొత్త మాట నోటితోనే చెప్తా,
ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కోని
కొట్టేంత సేపూ నిలబడతా.