క్రాస్ కటింగ్

సీతాఫల్‌మండిలో, రైలు పట్టాలకు ఎదురుగా
దక్షిణం వాకిలి ఒక్కటే ఉన్న గది నాది.
షాబాద్ బండల మీద
మధ్యాహ్నం ఎండ ఎంత లోపలికొచ్చిందో
చాక్‌పీసుతో గీత పెడుతుంట,
నెలకొక్కటి, కరెంటు బిల్లు కట్టిన రోజు.

పుష్యంలో మూడో బండ దాక వచ్చి
మిషను కింద నా పాదం పట్టుకుంటది.
శివరాత్రికి రెండో బండ. ఉగాదికి మొదటిది.
ఎండకాలం ఊరంతా మాడుతుంటే
గడప కూడా దాటదు, మర్యాదస్తురాలు.

దగ్గరికొస్తే వేడి, దూరం పోతే చలి,
ఇస్త్రీపెట్టె లెక్కనే అనుకున్న ఇన్నేండ్లు.
యూనిఫాం కొలతలకొచ్చిన తస్కీన్ నవ్వింది.
"అండాలక్కా, సూర్యునికి మనం బాగా దగ్గరుండేది
జనవరిల. స్వెట్టర్లు తొడుక్కున్నప్పుడే!
దగ్గర కాదు, దూరం కాదు. వంపు.
ఇరవై మూడున్నర డిగ్రీలు
పక్కకు ఒరిగి తిరుగుతది భూమి."

కత్తెర కింద పెట్టిన.
అంటే క్రాస్‌లో కోసిండ్రన్నమాట!
నిలువు పోగు మీద కోస్తే లంగా
గోనెసంచి లెక్క నిలబడ్తది.
ఏటవాలు కోతకే అంచు ఊగుతది, ఘేరు లేస్తది.
నిటారుగ తిరిగే భూమైతే
ఆకు ఎన్నడు రాల్చాల్నో
వేపచెట్టుకు ఎవరు చెప్పాలె?

ఒరిగింది కాబట్టే
ఫాల్గుణంల పండుటాకు మా రేకుల మీద రాలంగనే
కొమ్మ చివర రాగిరంగు చిగురు కుట్టుకుంటది వేప.
కాలి కాలి ఉన్న నేల
బాబిన్‌లకెళ్ళి దారం గుంజినట్టు
సముద్రం మీది తడిగాలిని గుంజుతది.
మృగశిర దాటినంక పట్టాల పక్క తడిమన్నుల
ఆరుద్ర పురుగులు,
ఎవరో ఎర్ర మఖ్మల్ కత్తిరించి
పీలికలు ఊడ్వడం మరిచినట్టు.
దసరాకు సీతాఫలాలు కండ్లు విప్పి
తట్టలల్ల మా గల్లీకొస్తయి.
ఊరి పేరుకు లెక్క చెప్పనీకె.

మే నెల రెండో వారం, పన్నెండు దాటినంక
తస్కీన్ గడప అవతల
ఎర్రదారం రీలు నిలబెట్టింది.
"చూడు."
నీడ లేదు.
రీలుకు లేదు, కరెంటు స్తంభానికి లేదు,
ఎగబడి చూస్తున్న కుక్కకు దాని కడుపు కిందనే ఉంది.
నేను ఊపిరి తీయలే.
కొంచెం సేపటికి సూది పోటంత నీడ
రీలుకు తూర్పున బయటపడ్డది.

ఆ నెల గీత ఏ బండ మీద పెట్టాలె?
రీలు ఉన్న చోట చుక్క పెట్టిన.
తొలకరి దాన్ని కడుక్కపోయింది.

ఆగస్టుల మళ్ళొస్తదట ఆ రోజు.
మబ్బుంటే కనపడదు అంటది తస్కీన్.
అయినా ఎర్రరీలు
ఎవ్వరి జాకెట్టుకూ వాడకుండ
పక్కకు పెట్టిన.