ఏడో గడి

షిరే నది ఒడ్డున మా ఊరికి రెండు పేర్లు.
మేం పిలుచుకునేది ఒకటి.
ఫారంలో రాసేది ఒకటి:
లబ్ధిదారుల సమూహం, నలభై మూడు.

నా పేరు లుఫేయో. నా పని రాయడం.
వరద తీశాక మూడేళ్ళపాటు
మావాళ్ళ మాటల్ని
డబ్బు పంపేవాళ్ళ మాటల్లోకి మోశాను.

దైలేసి అవ్వ చెప్పింది:
"నీళ్ళు మొదట గుమ్మం దగ్గర ఆగి అడిగాయి.
తర్వాత అడగలేదు."
నేను రాశాను: ఇల్లు, పూర్తి నష్టం, ఒకటి.

"మేక రెండు రోజులు మామిడి కొమ్మ మీద బతికింది నాయనా,
మూడో రోజు మేమే తిన్నాం."
నేను రాశాను: పశునష్టం, ఒకటి.

ఆరు గళ్ళు వెడల్పైనవి.
ఏడోది వేలెడంత.
పైన 'ఇతర విషయాలు' అని ఉంటుంది.
ఊరంతా అందులో ఇరుక్కుని కూచునేది.

అబద్ధమెందుకు, డబ్బు వచ్చింది.
ఎక్కడో మంచు కురిసే దేశంలో
ఎవరి జీతంలోంచో కోసిన పన్ను
దారిలో ఎన్ని చేతులు తడిపిందో గాని
మిగిలినంత మిగిలి
మా దగ్గర బోరింగు పంపై నిలబడింది.
మంగళవారం మంగళవారం క్లినిక్ అయింది.
రోగుల్ని మోసే సైకిల్ బండి అయింది.
ఎస్నాత్ పురిటికి దాని మీదే వెళ్ళింది,
గతుకుల్లో నవ్వుతూ, తిడుతూ.
పుట్టిన పిల్లకి న్జింగా అని పెట్టింది.
మా మాటలో సైకిలు అని.

పంపుతోపాటు బోర్డు కూడా వచ్చింది,
పంపు కన్నా రెండు బారలు ఎత్తు.
ఫొటో కోసం అందరం ఒకే రకం చొక్కాలు తొడిగాం.
నాది వదులు. ఇచ్చినవాళ్ళ పేరు
సగం నా చంకలోకి పోయింది.

తర్వాత ఒక మంగళవారం
నర్సు రాలేదు.
ఫోన్‌లో నాలుగు లైన్లు వచ్చాయి:
తక్షణమే పని ఆపవలెను.

ఈసారి ఎదురు మోత.
వాళ్ళ మాటని మావాళ్ళకి చెప్పాలి.
వాన ఆగుతుంది, ఎద్దు ఆగుతుంది, ఊపిరీ ఆగుతుంది.
ఈ 'ఆపు'ని ఏ ఆగడం పక్కన పెట్టాలో తెలీక
గొంతు సవరించుకున్నాను, మళ్ళీ సవరించుకున్నాను.

ఎవరూ తిట్టలేదు.
ఫ్లాక్సన్ తాత మాత్రం
కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు:
"అయ్యో, వాళ్ళకీ వరద వచ్చిందా?"

దానికి నా దగ్గర గడి లేదు.

ఎండాకాలంలో పంపు దగ్గడం మొదలెట్టింది.
లోపలి వాషర్ అరిగింది.
దైలేసి అవ్వ తన పాత తోలు చెప్పు తెచ్చి
మడమ వైపు గుండ్రంగా కోసి ఇచ్చింది.
నీళ్ళొచ్చాయి. చెప్పు వాసనేసినా వచ్చాయి.
చప్పట్లకి చేతులెత్తాం.
అవ్వ కొంగు ముడి విప్పి
మనవడి మాత్రల డబ్బా చెవి దగ్గర ఆడించింది.
లోపల రెండో మూడో చప్పుళ్ళు.
"చెప్పులోంచి మాత్ర కోయలేం కదా" అంది,
కత్తి తుడుచుకుంటూ.
ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో
మాకెవరికీ తోచలేదు.

సైకిల్ బండికి చక్రాలు నిలిచాయి గాని
ట్యూబులు లేవు. బోర్డు బాగుంది.
మొన్నటి గాలికి కూడా కదల్లేదు.
దాని నీడలో ఆడవాళ్ళు బిందెలు వరస పెడతారు.
అదీ ఒక సేవే, రాయాలంటే.

ఇప్పుడు నాకు జీతం లేదు.
ఫారాల కట్ట ఒకటి మిగిలింది, ఎలుకలు అంచులు కొరికింది.
ఎవరూ అడగరు. అయినా పొద్దు వాలాక
కాగితం వెనక్కి తిప్పి,
గళ్ళు లేని వైపు, రాస్తున్నాను:

న్జింగాకి రెండో పన్ను వచ్చింది.
అవ్వ మనవడు ఇవాళ జావ తాగాడు.
నది నిన్నటికన్నా
రెండు వేళ్ళు పెరిగింది.