జానెడు పట్టు

గింజలు చల్లితే ముందు తాను తినడు.
కొక్కొక్కని పెట్టల్ని పిలిచి పక్కన నిలబడతాడు.
నాలుగేండ్లు అట్ల నిలబడినోడే.
ఆ పొద్దు గాబు పక్కన
పోయిన కార్తీకంలో పొదిగిన వాని పిల్లలే,
రెండు ఎర్ర పుంజులు,
చెరో పక్క నుంచి లేచినాయి.

మగ్గం గుంతలోంచి నేను కాళ్ళు తీసి వచ్చేలోపల
అయిపోయింది.
తురాయి సగం చీలి చెవి మీదికి వాలింది.
ఎడమ కన్ను వాచి మూసుకుంది.
అది గాదు నాకు కడుపులో దేవింది.
పెట్టలొచ్చి పొడుస్తుండాయి.
వాడు పిలిస్తే పరిగెత్తిన పెట్టలు
ఎర్రగా కనబడిన చోటల్లా
గింజనుకోని.

పశువులాస్పత్రి కాంపౌండరు
సరిగ్గా చూడనన్నా లేదు:
"ఆదివారమే గదక్కా ఈ పొద్దు."
మా ఆయన కత్తిపీట వైపు చూసినాడు,
నా వైపు చూసినాడు,
బీడీ ముట్టించుకోని బయటికి పోయినాడు.

ఇంట్లో రెండు మగ్గాలు.
రెండోది ఉగాది నుంచి ఉత్తదే,
నేసే సుంకప్ప బెంగుళూరులో అపార్ట్‌మెంటు కాపలాకు పోయినాడు.
ఆ గుంతలో చీకటుంది, చల్లగుంది,
సుంకప్ప పాత లుంగీ ఉంది.
అందులో చుట్టి తలకు గుడ్డ కప్పితే
ఒళ్ళు కదలదు గానీ
గుండె రాట్నం మాదిరి తిరుగుతుంది.

సూది దీపం మంటలో కాల్చినాను.
దారం?
ఒళ్ళో వాడుంటే లేచి యాడ వెతికేది.
చేతికందింది మగ్గం మీది పడుగు,
వంకాయ రంగు, ఎవరి పెండ్లిదో,
ధర్మవరం బజారులో షావుకారు తూకమేసి ఇచ్చిన పట్టు.
జానెడు చొప్పున నాలుగు పోగులు తెంపి
తొడ మీద పేనినాను.

తెగిన పోగు అతకడం
నా పదో ఏట మా అవ్వ నేర్పింది.
కాస్త ఉమ్ము తడి, రెండు వేళ్ళు, ఒక మెలిక.
ముడి కనబడితే చెయ్యి వంకరని అర్థం, అనేది.
తోలుకు ఆ లెక్క లేదు.
తోలు వెచ్చగుంటుంది, నొస్తుంది.
ఐదు కుట్లు.
ఐదోదానికి వాడు అరిచినాడు,
నేను గూడా.

పసుపు, కొబ్బరినూనె.
కంటికి పూటపూటకూ ఉప్పునీళ్ళ దూది.
మా రేణుక బడికి పోతాపోతా
చుక్కలమందు గొట్టంతో రాగిగంజి పోస్తుంది,
వాడు సగం దాని గౌను మీదే ఊస్తాడు.
ఓబులమ్మ తొంగి చూసి
"మొగుడికి జరమొస్తే ఇంత చేసినావామ్మే?" అని నవ్వింది.
లేదు.
మొగుడికి నోరుంది.

మూడో దినం నేను నేస్తావుంటే
పలక దెబ్బ పడినప్పుడల్లా
వాడు ఒంటికన్ను ఆర్పుతుండాడు.
టక్, ఆర్పు. టక్, ఆర్పు.
కావాలనే ఆపినాను.
ఆర్పలేదు, చూసినాడు.
మళ్ళా నేసినాను.
అట్ల ఆ మూరెడు ఇద్దరమూ నేసినాము.

మాపటేల కోళ్ళకు చూపుండదు.
పగలు విడిస్తే కొత్తోడని చంపుతాయని
పన్నెండో రాత్రి, దీపాలు పెట్టినంక,
గూట్లో కింది కట్టె మీద కూర్చోబెట్టినాను.
నిద్రలోనే ఒక పెట్ట జరిగి చోటిచ్చింది.
తెలిసి ఇచ్చిందో, తెలియక ఇచ్చిందో.

చీర మడత విప్పి
షావుకారు వేలితో తడిమినాడు.
"ఇదేంది, వరసగా నాలుగు ముడులు? పోగులేమైనాయి?"
కోడి పట్టుకపోయిందన్నాను.
ఎగాదిగా చూసి
కూలిలో మున్నూరు కోసినాడు.
ఆ చీర ఎవరో కట్టుకోనుంటారు ఈ పాటికి.
మూడు ముళ్ళు పడేటప్పుడు
కుచ్చిళ్ళ మడతలో యాడో
నావి నాలుగు.

వాడిప్పుడు అందరికంటే వెనక కూస్తాడు,
ఎర్ర పుంజులు కూసి, బెంగుళూరు రైలు పోయి,
నేను గుంతలో దిగినంక.
గింజలేస్తే ఇప్పటికీ పిలుస్తాడు.
ఒక్కో దినం ఒక పెట్ట వస్తుంది.
ఎడమ కన్ను తెరిచినాడు గానీ
అందులో పాల చుక్క.
ఆ పక్క పడిన గింజ వానికి కనబడదు.
నాలుగేండ్లుగా ఎట్లంటే అట్ల చల్లిన చెయ్యి,
ఇప్పుడు కుడి పక్కకు చల్లడం
నేర్చుకుంటాంది.